కోతి బాణం ముందు ఫండ్ మేనేజర్ నిలుస్తాడా?

ఒడిశాలో బరంపురం పెద్ద బజారులోనైనా, రాయగడ జేకేపూర్‌లో కాగితం మిల్లు చుట్టుపక్కలైనా, పర్లాకిమిడి, గుణుపురం వైపైనా తెలుగిళ్ళలో రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చినప్పుడు వినిపించే ప్రశ్న ఈ మధ్య మారింది. ఒకప్పుడు పోస్టాఫీసా, ఎల్ఐసీనా, బ్యాంకు ఎఫ్‌డీనా అని అడిగేవారు. ఇప్పుడు ఏ మ్యూచువల్ ఫండు మంచిది, దాని మేనేజర్ ఎలాంటివాడు అని అడుగుతున్నారు. అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ మేనేజర్ ఏరికోరి కొన్న షేర్లు, కళ్లు మూసుకుని తీసిన షేర్ల కంటే బాగా పెరుగుతాయా? ఏటా మన డబ్బులోంచి జీతం తీసుకునే పనికి ఈ పరీక్ష పెట్టకపోతే ఇంకే పరీక్ష పెడతాం?

ఈ లెక్క తొంభై ఏళ్ల కిందటే మొదలైంది. 1933లో ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ అనే అమెరికన్, షేర్ల మీద సలహాలిచ్చే, జోస్యాలు చెప్పే 45 సంస్థల రికార్డులు ముందేసుకుని లెక్కకట్టాడు. మార్కెట్ ఎటు పోతుందో చెప్పే పత్రికలతో పోల్చడానికి కార్డులు కలిపి, చేతికొచ్చినవి తీసి, ఆ ప్రకారం అన్నే ఉత్తుత్తి జోస్యాలు తయారుచేశాడు. నిపుణుల్లో అందరికంటే బాగా చేసినవాళ్లు కూడా కార్డుల జోస్యాల్లో మెరుగైనవాటిని దాటారని గట్టిగా చెప్పలేకపోయాడు. అట్టడుగున ఉన్నవాళ్లు మాత్రం కార్డుల కంటే అధ్వాన్నంగా చేశారు.

కోతి కథ 1973ది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ బర్టన్ మాల్కీల్, కళ్లకు గంతలు కట్టిన కోతి పేపర్లో షేర్ల పేజీ మీదికి బాణాలు విసిరి ఎంచినా నిపుణుల ఎంపికకు తీసిపోదని రాశాడు. 1988లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఆ మాటను పోటీగా మార్చింది. నిపుణులు ఒక పక్క షేర్లు ఎంచుతారు, పత్రిక సిబ్బంది ఇంకో పక్క బాణాలు విసురుతారు, ఆరు నెలల తర్వాత ధరలు చూస్తారు. 1998 నాటికి వంద పోటీలు పూర్తయ్యాయి. నిపుణులు 61 సార్లు బాణాల్ని ఓడించారు. సగటున ఆరు నెలలకు నిపుణులకు 10.8 శాతం, బాణాలకు 4.5 శాతం, డౌ జోన్స్ సూచీకి 6.8 శాతం వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే నిపుణులే గెలిచారనిపిస్తుంది. కానీ ఆ వంద పోటీల్లో డౌ జోన్స్‌ను వాళ్లు దాటింది 51 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. దానికి తోడు, ఫలానా నిపుణుడు ఫలానా షేరు ఎంచాడని పేపర్లో పడగానే జనం ఎగబడి కొనేవారు. ఆ రెండు రోజుల్లోనే ధర పైకి లేచేదని, తర్వాతి వారాల్లో అందులో కొంత దిగిపోయేదని పరిశోధకులు చూపించారు. నిపుణులు ఎక్కువ ఎగుడుదిగుడు ఉన్న షేర్లనే ఎంచేవారు, పైగా పోటీలో డివిడెండ్లు, అంటే కంపెనీ వాటాదారులకు పంచే లాభం, లెక్కలోకి రావు. అంటే నిలకడగా డివిడెండు ఇచ్చే కంపెనీ మీద బాణం పడితే, ఆ డబ్బు బాణం ఖాతాలో పడేది కాదు.

ఆరు నెలల పోటీని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. ఆర్థికవేత్త మైకేల్ జెన్సెన్ 1968లో వేసిన లెక్క నాకు ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది. 1945 నుంచి 1964 దాకా 115 ఫండ్లను తీసుకుని, ఒక్కొక్కటి మోసిన రిస్కుకు తగ్గ రాబడి ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని చూశాడు. ఖర్చులు పోను సగటున ఏడాదికి 1.1 శాతం తక్కువ వచ్చింది. అప్పటి నుంచి దేశాలూ కాలాలూ మార్చి చేసిన లెక్కలు చాలావరకు ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. మేనేజర్లు మరీ తెలివితక్కువగా ఎంచరు. వాళ్లకయ్యే ఖర్చు మాత్రం వాళ్ల తెలివి సంపాదించినదాన్ని తినేస్తుంది.

2012లో ఇంగ్లండులో అబ్జర్వర్ పత్రిక పెట్టిన ఏడాది పోటీలో ఓర్లాండో అనే పిల్లి అంకెల గడుల మీద బొమ్మ ఎలుకను విసిరి షేర్లు ఎంచింది. 5,000 పౌండ్లను 5,542 చేసింది. నిపుణుల జట్టు 5,176 దగ్గర ఆగింది. ఈ వార్త ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఒక పిల్లి, ఒక ఏడాది. దాన్నుంచి తేలేదేమీ లేదు.

కోతి గెలుపు వెనక ఉన్నది

లక్షల సార్లు కంప్యూటరు చేత గుడ్డిగా ఎంపిక చేయించిన పరిశోధనలు వేరు. 2013లో లండన్‌లోని కాస్ బిజినెస్ స్కూల్ వాళ్లు అమెరికాలోని 1,000 పెద్ద షేర్ల మీద 1968 నుంచి 2011 దాకా ఇలా కోటి కోతి పోర్ట్‌ఫోలియోలు, అంటే గుడ్డిగా కూర్చిన షేర్ల కట్టలు, నడిపించారు. అందులో దాదాపు అన్నీ మామూలు సూచీని దాటేశాయి. ఇది విని షేర్లు ఎంచడం అసలు అక్కర్లేని విద్య అనుకునేవాళ్లు ఉన్నారు. అది తొందరపాటు.

మామూలు సూచీలో కంపెనీ ఎంత పెద్దదైతే దానికి అంత ఎక్కువ వాటా. నిఫ్టీ 50లో పై పది కంపెనీలకే సగానికి పైగా బరువు ఉంటుంది. కోతి అలా కాదు, అన్నిటికీ ఒకే వాటా ఇస్తుంది, లేదా ఇష్టం వచ్చినట్టు ఇస్తుంది. వెయ్యి కంపెనీల జాబితాలో పెద్దవి కొన్నే, చిన్నవి వందలు. గుడ్డిగా తీస్తే చేతికొచ్చేవి ఎక్కువగా చిన్నవే. ఆ నలభై ఏళ్లలో అమెరికాలో చిన్న కంపెనీలూ చౌక కంపెనీలూ పెద్దవాటి కంటే ఎక్కువ పెరిగాయి. కోతికి కలిసొచ్చింది అదే. దాని కన్ను మంచిది కాదు, అది నిలబడ్డ చోటు మంచిది.

చోటు మారితే ఫలితం తిరగబడుతుంది. 2018 తీసుకోండి. ఆ ఏడాది నిఫ్టీ 50 దాదాపు 3 శాతం పెరిగింది, చిన్న కంపెనీల సూచీ నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 దాదాపు 29 శాతం పడింది. ఆ జనవరిలో నిఫ్టీ 500 జాబితాలోంచి గుడ్డిగా 30 తీసి సమాన వాటాలు పెట్టి ఉంటే, అందులో చాలావరకు మధ్యస్థ, చిన్న కంపెనీలే (మిడ్‌క్యాప్‌లూ స్మాల్‌క్యాప్‌లే) ఉండేవి, డిసెంబరుకు నిఫ్టీ 50 కంటే బాగా వెనకబడేవారు. కాబట్టి కోతి గెలిచిందని ఎవరు చెప్పినా మూడు సంగతులు అడగాలి: ఏ జాబితాలోంచి తీశారు, వాటాలు ఎలా పెట్టారు, దేనితో పోల్చారు. ఈ మూడింట్లో ఒక్కటి మార్చినా విజేత మారతాడు.

ఎన్ని షేర్లు తీశారన్నది కూడా అంతే ముఖ్యం, దీన్ని చాలామంది పట్టించుకోరు. షేర్ల రాబడి అందరికీ సమంగా పంచిపెట్టినట్టు ఉండదు. ఆర్థిక శాస్త్ర పరిశోధకుడు హెండ్రిక్ బెసెంబైండర్ 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1926 నుంచి 2016 దాకా అమెరికా మార్కెట్ సృష్టించిన నికర సంపద అంతా దాదాపు 4 శాతం కంపెనీల నుంచే వచ్చింది. సగానికి పైగా షేర్లు తమ జీవితకాలంలో సర్కారు ట్రెజరీ బిల్లు ఇచ్చినంత కూడా ఇవ్వలేదు.

ఇది ఒక చిన్న ఉదాహరణతో తేలికగా అర్థమవుతుంది. పది షేర్లు, ఒక్కోదాంట్లో 100 రూపాయలు. పదేళ్ల తర్వాత ఒకటి 1,000 అయింది, మూడు 150 అయ్యాయి, మూడు 100 దగ్గరే ఉన్నాయి, మూడు 20కి పడ్డాయి. మొత్తం 1,810, అంటే సగటు 181. ఇప్పుడు గుడ్డిగా ఒక్క షేరు తీస్తే సగటును దాటే అవకాశం పదిలో ఒకటే. ఐదు తీస్తే ఆ 1,000 రూపాయలది మీ చేతికి వచ్చే అవకాశం సగం, వస్తే సగటును కచ్చితంగా దాటేస్తారు. పదీ కొంటే సగటు మీదే. నాలుగైదు షేర్లు పెట్టుకుని మార్కెట్‌తో పోటీపడే మామూలు మదుపరి ఎందుకు వెనకబడతాడో ఇందులోనే ఉంది. తెలివి తక్కువై కాదు, ఆ ఒక్క షేరూ అతని దగ్గర ఉండదు. మేనేజర్‌కూ ఇదే బాధ. అతను 40 షేర్లు పెట్టుకుని, పెరిగే ఆ కొద్దివాటిలో ఒకదాన్ని వదిలేస్తే మిగతా 39 ఎంత బాగా ఎంచినా పూడ్చుకోవడం కష్టం.

మేనేజర్ చేతులు కట్టేసే రూల్స్

ఫండ్ మేనేజర్‌ని తిట్టేవాళ్లలో చాలామందికి అతను ఏ రూల్స్ మధ్య పని చేస్తాడో తెలియదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం మామూలు యాక్టివ్ ఈక్విటీ స్కీమ్, అంటే మేనేజర్ షేర్లు ఎంచే ఫండు, ఒక కంపెనీ షేర్లలో తన సొమ్ములో 10 శాతానికి మించి పెట్టకూడదు. 2023 జులైలో హెచ్‌డీఎఫ్‌సీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు విలీనమయ్యాక నిఫ్టీ 50లో ఆ బ్యాంకు బరువు 10 శాతం దాటిపోయింది. ఇండెక్స్ ఫండుకు ఆ పరిమితి లేదు, సూచీలో ఎంత ఉంటే అంత పెట్టుకుంటుంది. లార్జ్ క్యాప్ మేనేజర్‌కు ఆ బ్యాంకు మీద ఎంత నమ్మకం ఉన్నా 10 దగ్గర ఆగాల్సిందే. అది సూచీని లాక్కుపోయే రోజుల్లో అతను ఏ తప్పూ చేయకుండానే వెనకబడతాడు.

రెండోది 2017 అక్టోబరు నాటి వర్గీకరణ. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 దాకా మిడ్ క్యాప్, ఆ తర్వాతివి స్మాల్ క్యాప్. లార్జ్ క్యాప్ ఫండు కనీసం 80 శాతం మొదటి వందలోనే పెట్టాలి. అంతకుముందు పేరుకు లార్జ్ క్యాప్ అని పెట్టుకుని, లోపల మిడ్‌క్యాప్‌లు బాగా నింపి, నిఫ్టీని దాటేశామని చెప్పుకునే వీలుండేది. 2018 ఫిబ్రవరి నుంచి డివిడెండ్లు కలిపిన సూచీతోనే, అంటే టీఆర్ఐతోనే పోల్చి చూపాలన్న రూల్ వచ్చింది. అంతకుముందు ఫండు ఎన్‌ఏవీలో, అంటే ఒక్కో యూనిట్ విలువలో, డివిడెండ్లు కలిసి ఉండేవి, పక్కన పెట్టే సూచీలో ఉండేవి కావు. ఒక్క దీంతోనే ఏడాదికి ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా గొప్ప పుట్టుకొచ్చేది. 2018కి ముందు కాగితాల మీద మన మేనేజర్లు అంత మెరిసిపోవడానికి ఇవి రెండూ పెద్ద కారణాలు. ఆ తర్వాత, ఫండ్లను సూచీలతో పోల్చే స్పీవా నివేదికలు చూస్తే పదేళ్ల లెక్కలో లార్జ్ క్యాప్ ఫండ్లలో సగానికి పైగా సూచీ కంటే వెనకే ఉంటున్నాయి. ఆ నివేదికల్లో మూతపడ్డ, ఇంకో స్కీమ్‌లో కలిపేసిన ఫండ్లను కూడా లెక్కలో ఉంచుతారు, అందుకే వాటిని చూడమంటాను.

స్మాల్ క్యాప్‌లో మేనేజర్‌కు నిజంగా పని ఉంది. వందో కంపెనీ దాకా పదుల మంది విశ్లేషకులు తవ్వుతూ ఉంటారు, అక్కడ కొత్తగా దొరికేది తక్కువ. నాలుగు వందల స్థానం దాటాక బ్యాలెన్స్ షీటు చదివేవాళ్లే తగ్గిపోతారు. ప్రమోటరు షేర్లు తాకట్టు పెట్టాడా, ఆడిటరు మధ్యలో తప్పుకున్నాడా, లాభం కాగితం మీదే ఉండి చేతికి డబ్బు రాకుండా పోతోందా అని చూసేవాడికి ఇక్కడ ఫలితం ఉంటుంది. ఇలాంటి చోట గుడ్డెద్దు చేలో పడ్డట్టు కొంటే నష్టం పెద్దది. బీఎస్ఈలో నమోదైనవి 5,000 పైచిలుకు. నిఫ్టీ 500లోంచి గుడ్డిగా తీయడం ఒకటి, ఆ 5,000లోంచి తీయడం ఇంకొకటి. రెండో జాబితాలో అమ్ముదామంటే కొనేవాడు దొరకని షేర్లు, రోజూ లోయర్ సర్క్యూట్ తగిలేవి, అంటే ఒక రోజులో పడగలిగినంతా పడి ఆగిపోయేవి, కుప్పలు. అయితే స్మాల్ క్యాప్ ఫండు పెద్దదయ్యే కొద్దీ మేనేజర్ చేతిలోని ఈ మేలు కరిగిపోతుంది. ఒక ఫండ్ హౌసు ఏ కంపెనీలోనైనా ఓటింగు హక్కున్న షేర్లలో 10 శాతానికి మించి కొనలేదు. వేల కోట్లు వచ్చిపడితే చిన్న కంపెనీలో అర్థవంతమైన వాటా పెట్టలేక ఇంకో యాభై షేర్లు కలుపుకుంటాడు. 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లు స్ట్రెస్ టెస్టు వివరాలు బయటపెడుతున్నాయి. పోర్ట్‌ఫోలియోలో సగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో అందులో ఉంటుంది. ఆ అంకె పెద్దదిగా ఉన్న ఫండులో కొత్తగా డబ్బు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఇంట్లో చేసుకునే పరీక్ష

ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఎక్సెల్ ఉంటే చాలు. నిఫ్టీ సూచీల అధికారిక సైటులో నిఫ్టీ 500 జాబితా ఫైలు దొరుకుతుంది, టీఆర్ఐ పాత విలువలూ అక్కడే ఉంటాయి. ఫండ్ల పాత ఎన్‌ఏవీలు ఫండ్ సంస్థల సంఘం ఆంఫీ సైటులో ఉంటాయి.

జాబితా పక్క కాలమ్‌లో యాదృచ్ఛిక అంకెలిచ్చే ర్యాండ్ ఫంక్షన్ పెట్టి 500 వరుసలకీ లాగండి. వెంటనే ఆ కాలమ్‌ని కాపీ చేసి వాల్యూస్‌గా పేస్ట్ చేయండి. ఈ మెట్టు వదిలేస్తే షీటులో ఏ గడి కదిపినా అంకెలన్నీ మారిపోయి, తీసిన 30 షేర్లు చెదిరిపోతాయి. ఆ కాలమ్ ప్రకారం సార్ట్ చేసి పై 30 తీసుకోండి. కళ్లు మూసుకుని వేలు పెడితే గుడ్డి ఎంపిక అవుతుందనుకోవద్దు. వేలు పేజీ మధ్యలోకే పోతుంది, చేతికి తెలిసిన పేరు తగిలితే మనసు అక్కడే ఆగుతుంది.

ఒక్కోదానికి 30లో ఒక వంతు వాటా. ఏడాది మొదటి రోజు ధర, ఆఖరి రోజు ధర, మధ్యలో వచ్చిన డివిడెండు కలిపి రాబడి తీయండి, 30 రాబడుల సగటే ఆ కోతి రాబడి. ఇలా ఒక్కసారి చేస్తే ఏమీ తేలదు, కనీసం 200 సార్లు చేయాలి. అప్పుడు 200 అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి, మీ ఫండు ఆ ఏడాది రాబడి ఆ వరుసలో ఎక్కడ పడుతుందో చూడండి. 120వ చోట పడితే అది కోతుల మందలో మధ్య కంటే కాస్త పైన ఉందని అర్థం. 190 దాటితే ఆ ఏడాదికి బాగా చేసినట్టు. కనీసం పదేళ్లకు ఏ ఏడాదికి ఆ ఏడాది ఇలా చూడాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది, అందరూ చేసేది, ఇవాళ్టి జాబితాతో పదేళ్ల కిందటి లెక్క వేయడం. ఇవాళ నిఫ్టీ 500లో ఉన్నవి బతికి బట్టకట్టినవి. ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ లాంటివి 2021లో సున్నా అయి ఎక్స్‌ఛేంజి నుంచే పోయాయి, ఇవాళ్టి జాబితాలో వాటి పేరుండదు. వాటిని వదిలేస్తే మీ కోతి అబద్ధపు గెలుపు గెలుస్తుంది. ఏ ఏడాది పరీక్షకు ఆ ఏడాది మొదట్లో ఉన్న జాబితానే కావాలి. సూచీ మార్పులు ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు చివర్లో జరుగుతాయి. ఆ ప్రకటనల్లో చేరినవి, తీసేసినవి పేర్లతో ఉంటాయి కాబట్టి ఇవాళ్టి జాబితా నుంచి వెనక్కి నడుచుకుంటూ పాత జాబితా కట్టుకోవచ్చు. విసుగు పుట్టే పని, కానీ దీన్ని దాటవేస్తే మిగతా లెక్కంతా దండగ.

సూచీలో ఉండటమే భద్రత అనుకునేవాళ్లకు చెప్పాల్సిన, మన తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఒక్క రోజులో దాదాపు 78 శాతం పడింది. అప్పటికి నిఫ్టీ 50లో ఉంది. జనవరి 12న దాన్ని తీసి రిలయన్స్ క్యాపిటల్‌ను పెట్టారు. ఆ రిలయన్స్ క్యాపిటల్ తర్వాత దివాలా ప్రక్రియలోకి పోయి, దాని వాటాదారులకు చివరికి ఏమీ మిగల్లేదు. మీ పరీక్షలో ఇలాంటివి ఉన్నప్పుడే అది పరీక్ష.

రెండో తప్పు ధరలది. బోనస్ షేర్లు, స్ప్లిట్లు సరిచేసిన ధరలు తీసుకోవాలి. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే ధర సగమవుతుంది. సరిచేయని ధరతో చూస్తే 50 శాతం నష్టం కనిపిస్తుంది. డీమెర్జర్లు ఇంకా చిక్కు. 2023 జులైలో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు వాటాదారులకు వచ్చిన కొత్త షేర్ల విలువ విడిగా కలపాలి, కొన్ని ఉచిత సైట్లు అది కలపవు. మూడోది, కోతికి ఖర్చు వేయకపోవడం. ఫండు ఎన్‌ఏవీ అన్ని ఖర్చులూ పోయాక వచ్చిన అంకె. కోతికీ అదే న్యాయం చేయాలి. 3 లక్షలతో 30 షేర్లు కొని ఏడాదికోసారి అన్నీ మార్చేస్తే, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), కొన్నప్పుడు 0.015 శాతం స్టాంపు డ్యూటీ, అమ్మిన ఒక్కో కంపెనీకి పదిహేను రూపాయల చిల్లర డీపీ చార్జీ (డీమాట్ ఖాతా రుసుము). అన్నీ కలిపితే 0.4 శాతం దాకా పోతుంది. చిన్న షేర్లలో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా దీనికి అదనం. పన్నెండు నెలలు నిండకముందే అమ్మితే లాభంలో 20 శాతం పన్ను. నిజంగా డబ్బు పెట్టి చేసేవాళ్లకు ఇంకో అడ్డంకి ఉంది, ఎంఆర్ఎఫ్ ఒక్క షేరే లక్ష దాటింది, 10,000 వాటాలో అది కొనలేరు. అలాంటివి వదిలేస్తే అది గుడ్డి ఎంపిక కాకుండా పోతుంది.

అదృష్టమా, నైపుణ్యమా

ఒక మేనేజర్ ఐదేళ్లు వరుసగా సూచీని దాటాడంటే నమ్మేయాలనిపిస్తుంది. బరంపురం గిరి రోడ్డు బట్టల కొట్లన్నిటి నుంచీ ఒక 1,024 మందిని పిలిచి తలా ఒక నాణెం ఇచ్చి ఎగరేయమంటే, పదిసార్లు వరుసగా బొమ్మే పడేవాడు సగటున ఒకడు ఉంటాడు. అతని దగ్గరికి పోయి నాణెం ఎగరేయడం నేర్పమని ఎవరూ అడగరు. లార్జ్ క్యాప్ ఫండ్లు 30 ఉన్నాయనుకోండి, ఏ ఒక్కదానికీ ఏ నైపుణ్యమూ లేదనుకోండి, ఏటా దాటే అవకాశం సగం. అయినా వాటిలో కనీసం ఒకటి ఐదేళ్లు వరుసగా దాటే అవకాశం 61 శాతం. ఆ ఒక్కదాని బొమ్మే బ్యాంకు గోడ మీద ఉంటుంది.

మరి నిజమైన నైపుణ్యం తేలడానికి ఎంత కాలం కావాలి? ఒక మేనేజర్ సూచీ కంటే నిజంగానే ఏడాదికి 2 శాతం ఎక్కువ తెస్తాడనుకుందాం, అది చాలా పెద్ద మాట. అతని రాబడి సూచీ నుంచి ఏటా 6 శాతం అటూ ఇటూ ఊగుతుందనుకుందాం, అది మామూలే. ఇది అదృష్టం కాదని 95 శాతం నమ్మకంతో చెప్పడానికి 36 ఏళ్ల రికార్డు కావాలి. 95 శాతం నమ్మకానికి వాడే కొలత దాదాపు రెండు; దాన్ని ఊగే ఆరుతో గుణించి, ఎక్కువ తెచ్చే రెండుతో భాగిస్తే ఆరు, ఆరు ఆర్లు ముప్పై ఆరు. మన దేశంలో ఒకే మేనేజర్ ఒకే ఫండును అంతకాలం నడపడం అరుదు. మూడేళ్ల రాబడి చూసి ఫండు మార్చడం ఎంత ఆధారంలేని పనో దీన్నిబట్టి చూడండి. ఆర్థికవేత్తలు యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 2010లో వేల అమెరికన్ ఫండ్ల మీద ఇదే ప్రశ్న వేసి, ఖర్చులకు సరిపడా నైపుణ్యం ఉన్నవి ఏ కొద్దో అని తేల్చారు. అసలు లేవని వాళ్లు చెప్పలేదు, నేనూ చెప్పను. ఉన్నా ముందుగా పట్టుకోవడం మన చేతిలో లేదు.

మన చేతిలో ఉన్న అంకె ఖర్చు

లక్ష రూపాయలు, 20 ఏళ్లు, ఖర్చులకు ముందు 12 శాతం. ఇది హామీ కాదు, లెక్క కోసం. ఏజెంటు కమిషన్ కలిసి ఉండే రెగ్యులర్ ప్లాన్ యాక్టివ్ ఫండు 1.9 శాతం తీసుకుంటే మిగిలేది 10.1, లక్ష 6.85 లక్షలవుతుంది. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ ఇండెక్స్ ఫండు 0.2 తీసుకుంటే 11.8 మిగిలి 9.31 లక్షలవుతుంది. తేడా రెండున్నర లక్షలకు దగ్గర, పెట్టిన దానికి రెండింతలకు పైగా.

ఇది ఇంకా లోతుగా చూడాలంటే మీ ఫండుకూ సూచీకీ ఎంత పోలిక ఉందో తీయండి. ప్రతి నెల ముగిసిన పది రోజుల్లోపు ఫండ్ హౌసు తన పోర్ట్‌ఫోలియో బయటపెట్టాలి. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో ఫండు వాటాలు, పక్క కాలమ్‌లో సూచీ వాటాలు పెట్టి, ప్రతి షేరుకూ రెండింట్లో చిన్న అంకె తీసుకుని కూడండి. 60 వస్తే మీ డబ్బులో 60 శాతం సూచీయే, మేనేజర్ చేతిపని 40 శాతం మీదే. అతను అదనంగా తీసుకునే 1.7 శాతం రాబట్టాలంటే ఆ 40 శాతం భాగం సూచీని ఏటా 4.25 శాతం దాటాలి. అదే ఫండు డైరెక్ట్ ప్లాన్ ఖర్చు 0.8 అయితే అదనం 0.6 మాత్రమే, 1.5 శాతం దాటితే చాలు. యాక్టివ్ ఫండే కావాలనుకునేవాళ్లు కనీసం డైరెక్ట్‌లో తీసుకోమని అందుకే అంటాను. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి ఉన్నాయి. అయినా మన వైపు బ్యాంకు కౌంటర్లో ఫారం నింపించుకున్నవి దాదాపు అన్నీ రెగ్యులరే.

పెద్ద ముప్పై నగరాలు కాని ఊళ్లను ఫండ్ల పరిశ్రమ బి-30 అంటుంది. బరంపురం, రాయగడ, జయపురం, పర్లాకిమిడి అన్నీ అందులోకే వస్తాయి. ఇలాంటి ఊళ్ల నుంచి కొత్త డబ్బు తెచ్చినందుకు ఫండు 0.30 శాతం దాకా అదనంగా ఖర్చు వేసుకునే వీలు కొన్నేళ్లు ఉండేది, దుర్వినియోగం అవుతోందని 2023 మార్చి నుంచి ఆపేశారు. ఏజెంటుకు కమిషన్ ఇవ్వడం తప్పేమీ కాదు. ఫారాలు నింపి, నామినీ మార్పించి, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు క్లెయిమ్ కోసం వెంట తిరిగే ఏజెంటు ఆ డబ్బుకు తగ్గ పనే చేస్తాడు. కానీ ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వాలి. ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంటులో ఏజెంటుకు మీ ఫండు నుంచి వెళ్లిన కమిషన్ రూపాయల్లోనే రాసి ఉంటుంది, 2016 అక్టోబరు నుంచి అది తప్పనిసరి. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మెయిలు వెతకండి, పాస్‌వర్డు సాధారణంగా పాన్ నంబరే.

రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారాలంటే ముందు కొత్త సిప్‌లు (నెలనెలా కట్టే వాయిదాలు) డైరెక్ట్‌లో మొదలుపెట్టి పాతవి ఆపండి. పాత యూనిట్లు మార్చడమంటే చట్టం దృష్టిలో అమ్మి కొన్నట్టే. ఏడాది నిండని యూనిట్లకు చాలా ఈక్విటీ ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడు (ముందే బయటికొస్తే కోసుకునే రుసుము), లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటినవాటికి ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకే మార్చి 31 లోపు కొంత, ఏప్రిల్ 1 తర్వాత కొంత మారిస్తే రెండు సంవత్సరాల మినహాయింపు వాడుకోవచ్చు. మొదలుపెట్టే ముందు పాన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కుల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒడిశాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండి కేవైసీ ఆగిపోవడం తరచూ జరుగుతుంది. ఆధార్‌లో పేరు సరిచేయించి, ఆ తర్వాత పాన్, చివర్లో బ్యాంకు. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.